జపాన్ ఏలుబడి నాటి కథలు చదవడం ఎలా? పాఠం 3: ఏ పేరుతో పిలుస్తున్నారు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. 1909లో జపనీస్ నవలా రచయిత నత్సుమె సోసెకి మంచూరియా (చైనా ఈశాన్య భాగం), కొరియా తిరిగి యాత్రా వ్యాసాలు రాశాడు కదా, ఆయన్ని అక్కడికి పిలిచింది ఎవరో కనిపెట్టమన్నాను. జవాబు: జపాన్ వాళ్ల దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ అధ్యక్షుడు, సోసెకికి చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు. ఇది తెలిశాక మంచూరియాలోని దైరెన్ రేవులో చైనా కూలీల గురించి రాసిన చిన్నచూపు మాటలు మళ్లీ చదవండి. అతిథిగా వెళ్లినవాడి చూపు ఎటు తిరిగిందో, ఎటు తిరగలేదో తెలుస్తుంది.

ఈసారి పెన్సిల్ తీసుకోండి. కథలో ఒక మనిషిని ఎవరు ఏ పేరుతో పిలిచినా దాని కింద గీత పెట్టండి, అంతే పని. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ నాకు ఈ సాహిత్యం కొంచెమైనా అర్థమైంది దీనితోనే.

కిమ్ సా ర్యాంగ్ జపాన్ ఏలుబడిలో ఉన్న కొరియాలో, ప్యాంగ్‌యాంగ్‌లో పుట్టిన కొరియన్ రచయిత. 1939 అక్టోబరులో జపనీస్‌లోనే రాసి అచ్చు వేయించిన 'వెలుగులోకి' కథ, జపాన్‌లో పేరున్న సాహిత్య బహుమతి అకుతగావా పరిశీలన దాకా వెళ్లింది. కథ చెప్పేవాడు టోక్యోలో చదువుకుంటూ పేదల వాడలో సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పే కొరియన్ కుర్రాడు. ఇంటిపేరు ఒకే ఒక్క చైనా అక్షరం, దక్షిణం అని అర్థం. కొరియన్‌లో చదివితే నామ్, జపనీస్‌లో చదివితే మినామి. పిల్లలు 'మినామి మాష్టారూ' అంటారు, ఇతను దిద్దడు.

మనం తప్పు చదివేది ఇక్కడే. తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం కాబట్టి నామ్, మినామి అని రెండు పేర్లు కనబడగానే ఒకటి దాచి ఇంకోటి పెట్టుకున్నాడనుకుంటాం. కాగితం మీద అతను ఏమీ మార్చలేదు! అక్షరం అదే, పలికే నోరు మారిందంతే, అందుకే తను ఎవరికీ అబద్ధం చెప్పలేదని తనకు తాను సర్దిచెప్పుకోగలుగుతాడు, ఒక కొరియన్ యువకుడు వచ్చి ఈ పేరేంటని నిలదీసేదాకా.

ముగింపు చెప్పేస్తున్నాను, ఏమనుకోకండి. తల్లి కొరియన్ అన్న సంగతి దాచుకోవాలని చూస్తూ, అందరి ముందూ మాష్టార్ని కొరియన్ అని గేలి చేసిన పిల్లవాడు హరువో, చివర్లో 'నామ్ మాష్టారు కదా' అంటాడు. మూలంలో అక్షరం మారదు. దాని పక్కన ఎలా పలకాలో చెప్పే చిన్న అక్షరాలు ఉంటాయి, ఫురిగానా అంటారు. కథంతా ఆ చిన్న అక్షరాల్లోకి వచ్చి కూర్చుంటుంది. తెలుగులోకి తేవాలంటే ఎలా తేవాలో నాకు ఇప్పటికీ తోచదు.

ఇప్పుడు కథ అచ్చయిన తేదీ చూడండి. 1940 ఫిబ్రవరిలో కొరియన్లు జపాన్ తరహా ఇంటిపేర్లు పెట్టుకోవాలన్న చట్టం అమల్లోకి వచ్చింది, ఆరు నెలల్లో దాదాపు 80 శాతం మంది నమోదు చేసుకున్నారు, చేసుకోకపోతే పిల్లల బడి దగ్గర్నుంచి ఇబ్బందులే. అది నడిపించిన, జపాన్ తరఫున కొరియాను ఏలిన గవర్నర్ జనరల్ పేరు మినామి జిరో. అదే అక్షరం. ఆ రోజుల్లో ఈ కథ పట్టుకున్న కొరియన్‌కి అది తట్టకుండా ఉంటుందా?

ఇంటిపని. నకజిమా అత్సుషి సియోల్‌లో బడికెళ్లిన జపనీస్ కుర్రాడు. 1929లో ఒక కొరియన్ పోలీసు మీద కథ రాశాడు. అందులో ట్రామ్ సీన్ ఒకటుంది. ఒక జపనీస్ ఆవిడ కొరియన్‌ని 'యొబో సాన్' అని పిలిచి కూర్చోమంటుంది. యొబో అనేది కొరియన్ పిలుపే, జపనీస్ వాళ్ల నోట్లో పడి తిట్టయింది. సాన్ అంటే మన 'గారు' లాంటిది. అతను మండిపడితే, నేను ఉత్త యొబో అనలేదే, సాన్ కూడా చేర్చానే అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోతుంది. 'ఒరేయ్ గారూ' అన్నట్టు!

ఆవిడ అమాయకురాలా? పది వాక్యాల్లో రాయండి. రచయిత ఆవిడ తరఫున ఒక్క మాటైనా అన్నాడేమో, ఆ సీన్‌ని రెండుసార్లు చదివాకే మొదలుపెట్టండి. వచ్చే పాఠంలో సెన్సార్ భయానికి మాటలు తీసేసి వాటి చోట పెట్టిన ×× గుర్తులు ఎలా చదవాలో చూద్దాం.