పిడుదుల మందు బయట కొనేటప్పుడు ఏం చూడాలి

కుక్కకి పిడుదులు కనిపించగానే చాలామంది పెట్ షాపుకో మెడికల్ షాపుకో వెళ్లి "గోమార్లకి ఏదైనా మందివ్వండి" అంటారు. షాపతను "కుక్క ఎంతుంటుంది?" అని అడిగి, చేత్తో చూపించిన ఎత్తుని బట్టి ఓ పెట్టె తీసిస్తాడు. తేడా వచ్చేది ఇక్కడే. బయట కొనడం తప్పేమీ కాదు, డాక్టరు దగ్గర దొరికే మందే అక్కడా దొరుకుతుంది. కాకపోతే బరువు తూచడం, వయసు అడగడం, ఏ మందు ఏ జంతువుకి పడదో చూడటం క్లినిక్‌లో డాక్టరు చేస్తారు. బయట కొంటే ఆ పనంతా మీదే.

ముందు బరువు. అందాజు వద్దు. బరువు మిషన్ మీద మీరొక్కరే నిలబడి చూసుకోండి, తర్వాత కుక్కని ఎత్తుకుని నిలబడండి. తేడాయే దాని బరువు. చిన్న పిల్లయితే కిరాణా కొట్టు కాటా చాలు. ఫ్రంట్‌లైన్ ప్లస్ పైపెట్లు (చర్మం మీద పిండే చిన్న మందు గొట్టాలు) కుక్కలకి నాలుగు సైజుల్లో ఉంటాయి: 10 కిలోల వరకు 0.67 ఎంఎల్, 10–20 కిలోలకి 1.34, 20–40కి 2.68, 40–60కి 4.02. డబ్బు కలిసొస్తుందని పెద్ద పైపెట్ కొని సిరంజితో రెండు చిన్న కుక్కలకి పంచకండి. కొలత తప్పితే ఒకదానికి మోతాదు ఎక్కువవుతుంది, రెండోదానికి చాలదు.

నమిలే బిళ్లల్లో బ్రావెక్టో (ఫ్లురలనర్) 12 వారాలు పనిచేస్తుంది, నెక్స్‌గార్డ్ (అఫాక్సొలనర్) ఒక నెల. కాబట్టి పెట్టె ధరలు పోల్చకండి, ధరని వారాలతో భాగించి పోల్చండి. బ్రావెక్టో అన్నంతో పాటే ఇవ్వాలి, ఖాళీ కడుపుతో ఇస్తే ఒంటికి సరిగా పట్టదు. ఎదిగే పిల్లకి మూడు నెలల బిళ్లలు ఒకేసారి కొనిపెట్టుకోవద్దు. రెండు నెలల లాబ్రడార్ పిల్ల నెల తిరిగేసరికే పై బరువు సైజులోకి వెళ్లిపోవచ్చు, మిగిలిన బిళ్లలు దండగ. ఎనిమిది వారాలు నిండని పిల్లకి వీటిలో ఏదీ వద్దు. కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఈ రకం బిళ్లలు డాక్టరుని అడగకుండా వేయకూడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో వీటి మీద ఇదే హెచ్చరిక ఇచ్చింది.

ఇంట్లో పిల్లి ఉంటే మరింత జాగ్రత్త. కుక్కల స్పాట్-ఆన్ (చర్మం మీద పిండే) మందులు కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కకి రాసిన చోట పిల్లి ఒరుసుకుని పడుకున్నా ప్రమాదమే. పిల్లి ఒళ్లు వణుకుతూ చొంగ కారుస్తుంటే గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్‌తో ఒళ్లు కడిగి, మందు పెట్టె చేత్తో పట్టుకుని వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. కుందేళ్లకి ఫ్రంట్‌లైన్ ప్లస్‌లో ఉండే ఫిప్రోనిల్ పడదు, అదీ ప్రాణాంతకమే.

మన ఊళ్లలో ఎక్కువ తప్పులు జరిగేది పశువుల మందులతో. అమిట్రాజ్ 12.5 శాతం సీసా చవగ్గా వస్తుంది. లీటరు నీళ్లకి 2 ఎంఎల్ కలిపితే అయ్యేది 0.025 శాతం. సీసా మూతతో ఓ మూతెడు పోస్తే దానికి కొన్ని రెట్లవుతుంది. సిరంజితోనే కొలవండి, గ్లౌజులు వేసుకోండి, గాలి ఆడే చోట రాయండి, ఒళ్లు ఆరేదాకా కుక్కని నాకనివ్వకండి. నాలుగు నెలల లోపు పిల్లలకి, షుగరున్న కుక్కలకి, పిల్లులకి అమిట్రాజ్ వద్దే వద్దు. ఇక పురుగులకి వాడే ఐవర్‌మెక్టిన్. మనుషుల 12 ఎంజీ బిళ్ల 10 కిలోల కుక్కకి వేస్తే, గుండెపురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే మోతాదుకి అది 200 రెట్లు. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలా కుక్కలకి ఈ మందు మెదడుకెక్కి కోమాలోకి వెళ్తాయి. పక్కింటివాళ్లు వేశారని మీరు వేయకండి. మన డోలో, బ్రూఫెన్ కూడా అంతే: పిల్లికి పారాసిటమాల్ ఒక్క బిళ్లే ప్రాణం తీయగలదు.

కౌంటరు దగ్గరే పెట్టె తిప్పి చదవండి. జంతువుల మందు మీద జంతువు తల బొమ్మ, "నాట్ ఫర్ హ్యూమన్ యూజ్, ఫర్ యానిమల్ ట్రీట్‌మెంట్ ఓన్లీ" అన్న మాట ఉండాలి. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ పెట్టె మీదా లోపలి స్ట్రిప్ మీదా ఒకటే కావాలి. విదేశీ సరుకైతే ఇక్కడి ఇంపోర్టర్ పేరు, చిరునామా, రూపాయల్లో ఎమ్మార్పీ చూడండి. బరువు పౌండ్లలో ఉండి ఇంపోర్టర్ పేరు లేకపోతే ఎంత చవకైనా వదిలేయండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. ఆన్‌లైన్‌లో అమ్మే వాళ్ల డ్రగ్ లైసెన్సు నంబరు కనిపించకపోయినా, చీటీ కావలసిన మందుని చీటీ అడక్కుండానే పంపుతామన్నా కొనకండి. చీటీ రాసేటప్పుడు బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు, కుక్క బరువు, ఎన్ని వారాలకోసారో కూడా రాయమని డాక్టరుని అడగండి. అప్పుడు ఆ బ్రాండు లేకపోయినా అదే మందు ఇంకో పేరుతో తీసుకోవచ్చు. టీకాలు మాత్రం కొరియర్‌లో తెప్పించకండి, 2–8 డిగ్రీల చల్లదనం దారిలో తప్పితే అవి పనిచేయవు.

స్పాట్-ఆన్ వేసేటప్పుడు భుజాల మధ్య, నాలుక అందని చోట, వెంట్రుకలు రెండు పక్కలకి పాయ తీసి, తెల్లగా చర్మం కనబడ్డాక దాని మీదే పిండాలి. వెంట్రుకల మీద పడిన మందు వృథా. వేయడానికి ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు, ఎందుకంటే ఈ మందు చర్మం మీది జిడ్డుతోనే ఒళ్లంతా పాకుతుంది. ఆదివారం షాంపూ పెట్టి సోమవారం మందు వేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

మందు వేశాక కూడా ఒకట్రెండు రోజులు పిడుదులు కనిపిస్తాయి. దానికే ఇంకో డోసు వేయకండి. ఒంటి మీద నుంచి దిగిన ఆడ పిడుదు గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, అవి పొదిగి మళ్లీ ఎక్కుతాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, పరుపు గుడ్డలు వేడి నీళ్లలో ఉతకండి, గడువు ప్రకారం వేసే మందు ఆపకండి.

కుక్క తిండి మానేసినా, జ్వరంగా ఉన్నా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా షాపుకి వెళ్లే పని కాదు. అది టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జబ్బు) కావచ్చు. డాక్సీసైక్లిన్ మీరే కొని మొదలుపెట్టకండి. ఎర్లీకియా, బబీసియా రెండూ ఈ జబ్బు తెచ్చే క్రిములే; ఎర్లీకియాకి పనిచేసే ఆ బిళ్ల ఒక్కటే బబీసియాకి చాలదు, ఏదో తేలాలంటే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.