లావణి పోటీకి జడ్జీగా పిలిస్తే మార్కులు ఎలా వేయాలి?

మహారాష్ట్రలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు గణపతి నవరాత్రులు వచ్చాయంటే లావణి పోటీలు పెడతారు. లావణి అంటే పాట, అభినయం, ఆట కలిసిన మరాఠీ జానపద కళ. కాలేజీ ఫంక్షన్లలో సరేసరి. మార్గశిరంలో లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతర జరిగేటప్పుడు లావణి చూడటానికే జనం కదిలి వస్తారు. నాందేడ్ జిల్లా సరిహద్దు ఊళ్లలో డాన్స్ మాస్టరనో, సంగీతం టీచరనో మన తెలుగువాళ్లనూ జడ్జీలుగా కూర్చోబెడతారు. చాలామంది సినిమా పాటకు వేసినట్టే మార్కులు వేసి లేచి వస్తారు. ఒక్కో చరణాన్ని నెలల తరబడి సాధన చేసిన పిల్లకు మూడో బహుమతి కూడా రాదు. ఇలాంటి ఫలితాలు చూసి చూసి విసిగిపోయాను. అందుకే నేను పాటించే పద్ధతి చెబుతున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. రెండు పెన్నులు, అట్ట, ఒక్కొక్కరికి ఒక్కో కాగితం, మంచినీళ్లు. పెన్సిల్ వాడకూడదు. చెరిపే వీలుంటే, చప్పట్లు విన్నాక చేయి దానంతటదే రబ్బరు మీదికి పోతుంది.

వేదిక ముందు వేసిన సోఫాలో కూర్చోవద్దు. ఎత్తు స్టేజీ అయితే అక్కడి నుంచి పాదాలు కనబడవు, పైగా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆగకుండా మాట్లాడుతుంటాడు. నాలుగో వరసలో, మధ్యలో కుర్చీ వేయించుకోండి.

ఒకరోజు ముందే పాటల జిరాక్సులు అడిగి తెచ్చుకోండి. మరాఠీ వచ్చు కదా అని ఊరుకోవద్దు. మనం బజారులో మాట్లాడే మరాఠీ వేరు, లావణిలో మాట వేరు. అర్థం తెలియకుండా అభినయానికి మార్కు వేయడం ఆ కళాకారిణికి చేసే అన్యాయం.

మార్కులు యాభైకి. అదాకారీ అంటే అభినయానికి 25, లయకు, అడుగుకు 15, వేషానికి 5, వేదిక మీద నడతకు 5. వేషానికి అంతకు మించి ఇవ్వకూడదు. తొమ్మిది గజాల చీర కాసె పోసి సరిగ్గా కట్టారా, అడుగుకు అడ్డం రాకుండా ఉందా, గజ్జెలు జారకుండా ఉన్నాయా, ఇంతే చూడాలి. జరీ ఎంత మెరిసిందో చూసి మార్కులు వేస్తే చీర అద్దెకు తెచ్చుకున్న పేదపిల్ల అక్కడే ఓడిపోతుంది.

లయ చూడటం తేలిక. పాట మధ్యలో ఒక్క నిమిషం ముఖం వదిలేసి కాళ్లే చూడండి. ఢోల్కీ, అంటే లావణికి వాయించే చిన్న డోలు, ఆగినచోట గజ్జెలూ ఆగాయా? అంత బరువు కట్టుకుని మోగించడం కన్నా టక్కున ఆపడమే కష్టం. సమం దగ్గర, అంటే తాళం ఆవృత్తం మొదలయ్యే చోట, ఢోల్కీ దెబ్బ, పాదం ఒక్కసారే పడితే 12కు తగ్గించకండి. రికార్డు చేసిన ట్రాకుకు చేసినవాళ్లకు మాత్రం నేను 10 దాటి వేయను. ఢోల్కీ వాయించే మనిషి కళ్లలోకి చూస్తూ లయ పెంచడం, తగ్గించడం ఉంటేనే అది లావణి.

ఒక జాగ్రత్త. నిలబడి ఆడే ఫడాచీ లావణినీ, కూర్చుని చేసే బైఠకీచీ లావణినీ ఒకే పోటీలో కలిపేస్తుంటారు. కూర్చున్నామెకు అడుగులు లేవని కోత పెట్టవద్దు. ఆమె లయ చేతుల్లో, మెడలో, మాట విరుపులో ఉంటుంది. 2012లో పద్మశ్రీ అందుకున్న యమునాబాయి వాయికర్‌ది ఈ బైఠకీ సంప్రదాయమే.

ఇక అసలు కష్టం అదాకారీ దగ్గర. ఎక్కువమంది తప్పేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

లావణిలో ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ పాడతారు. మనవాళ్లు అప్పుడే తల దించి మార్కులు రాసుకుంటారు. సరిగ్గా చూడాల్సింది ఆ సమయంలోనే. ‘ఇంత రాత్రివేళ ఎక్కడికి బయల్దేరారు’ అని అడిగే పంక్తి ఉందనుకోండి. మొదటిసారి కనుబొమ్మ పైకెత్తి మామూలుగా అడుగుతుంది. రెండోసారి అతని తలపాగా వైపు చూస్తుంది, ఇంత ముస్తాబు ఎవరి కోసం అన్న అనుమానం. మూడోసారి నవ్వుతూ అతని చెప్పులను కాలితో వెనక్కి నెడుతుంది. నాలుగోసారి గొంతు తగ్గుతుంది, కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటుంది, అడగడం పోయి బతిమాలడం వస్తుంది. వేదిక మీద తలపాగా లేదు, చెప్పులూ లేవు. అయినా మీకు అవి కనబడితే 20కి పైన వేయండి. నాలుగుసార్లూ ఒకే నవ్వు, ఒకే కన్ను గీటడం అయితే, ఎంత అందంగా ఉన్నా 12 దాటకూడదు.

రెండోది శృంగారం సంగతి. కొందరు జడ్జీలు ఓరచూపు కనబడగానే అశ్లీలమని మార్కులు కోస్తారు. మరికొందరు నడుము ఊపినప్పుడల్లా పెంచుతారు. ఇద్దరూ పాట వినలేదు. లావణికి శృంగారం ప్రాణం. పీష్వాల కాలంలో సంస్కృతం చదువుకున్న సోలాపూర్ రామ్ జోషి లాంటివాళ్లు కట్టిన పాటలివి. మన శృంగార గీతం జావళికి తల ఊపేవాళ్లు లావణికి ముఖం చిట్లించడం నాకు ససేమిరా నచ్చదు.

నా పరీక్ష ఒక్కటే. ఆ కదలికను తీసుకెళ్లి ఇంకో పాటలో పెడితే అతుకుతుందా? అతికితే అది అభినయం కాదు, మార్కు లేదు. ఆ మాటకు, ఆ క్షణానికి మాత్రమే పుట్టినదైతే, అది ఎంత ఘాటైన శృంగారమైనా పూర్తి మార్కు ఇవ్వాలి. ఈ పరీక్ష పెట్టుకుంటే అశ్లీలానికి వేరే గడి అక్కర్లేదు, ఏ పాటకైనా అంటించే నడుము విసురు దానంతటదే రాలిపోతుంది. మగవాళ్లు లావణి చేసినా ఇదే లెక్క. వెనకటి తమాషాల్లో, అంటే మరాఠీ జానపద నాటకాల్లో, ఆడవేషం కట్టింది మగపిల్లలే. వింత అని పెంచనూ కూడదు, తగ్గించనూ కూడదు.

మూడోది జనం. ఈలలు వేస్తారు, ఫేటాలు (తలపాగాలు) ఎగరేస్తారు, దౌలత్‌జాదా (కళాకారిణికి ఇచ్చే నగదు కానుక) అని నోట్లు చూపిస్తారు. ఆ హుషారు కళాకారిణికి కావాలి, మీకు కాదు. పాట చివరి పంక్తి మొదలవగానే అదాకారీ మార్కు రాసేయండి. పాట అయ్యాక వచ్చే ఈల ఆ గడిని ముట్టుకోకూడదు. చప్పట్ల మోత కొలిచి విజేతను తేల్చడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. సొంతూరి నుంచి రెండు ట్రాక్టర్ల జనాన్ని తెచ్చుకున్నవాళ్లే అందులో గెలుస్తారు.

మొదట వచ్చిన అమ్మాయికి మాత్రం లయ, అదాకారీ అంకెలు వెంటనే వేయకండి. ఏ పంక్తికి ఏం చేసిందో రెండు ముక్కలు రాసుకుని, మూడో ప్రదర్శన అయ్యాక వేయండి. కొలత తెలియకుండా వేస్తే ముందు వచ్చినవాళ్లే నష్టపోతారు.

మొత్తాలు కూడేటప్పుడు ముగ్గురు జడ్జీల మార్కులు నేరుగా కలపవద్దు. ఒకరు అందరికీ 35 నుంచి 40 మధ్యే వేస్తారు, ఇంకొకరు 15 నుంచి 48 దాకా వేస్తారు. కలిపితే రెండో మనిషి మాటే చెల్లుతుంది. ఒక్కో జడ్జీ కాగితాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు రాసి, ఆ ర్యాంకులు కూడండి. తక్కువ వచ్చినవాళ్లు విజేత. సమానమైతే అదాకారీలో ముందున్నవాళ్లకు ఇవ్వండి. చీటీ వేయడం, బహుమతి చెరిసగం చేయడం వద్దు.

ముగ్గురూ సంతకాలు చేసి, ఖాళీ గడులు కొట్టేసి కాగితాలు నిర్వాహకులకు ఇవ్వండి. మైకులో ఎవరి లోపాలూ చెప్పవద్దు. తెర వెనక్కి వెళ్లి, గజ్జెలు విప్పుకుంటున్న ప్రతి ఒక్కరికీ ఏ పంక్తి బాగా చేశారో, ఏ పంక్తి దగ్గర జారిపోయిందో పాట కాగితం మీద వేలు పెట్టి చూపించండి.