మస్టాంగ్ తాళం మా ఆయన చేతికిచ్చే ముందు

డాలస్ వైపు కొత్తగా దిగే జంటల్లో ఈ వరస చాలా ఇళ్ళల్లో కనిపిస్తుంది. ఒకరు ముందే వచ్చి, ఎం.ఎస్. చేసి, ఉద్యోగంలో కుదురుకుని, ఎన్నాళ్ళనుంచో మనసు పడ్డ కారు కొనుక్కుని ఉంటారు. పెళ్ళయ్యాక రెండోవాళ్ళు హెచ్-4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ భర్తకో భార్యకో ఇచ్చే వీసా మీద వస్తారు. మా ఇంట్లో ముందొచ్చింది నేను. కారు ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 2019 మోడల్, ఆరు గేర్ల మాన్యువల్. మా ఆయన హైదరాబాద్‌లో పదేళ్ళు స్విఫ్ట్ నడిపి వచ్చారు. దిగిన మూడో రోజే, సూట్‌కేసులు ఇంకా సర్దకుండానే, తాళం ఎక్కడ పెడతావని అడిగారు.

ఇవ్వడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మూడు నెలలు కాగితాలకి, ఒక నెల నా మనసు ఒప్పుకోవడానికి.

ముందు కాగితాల సంగతి. మన లైసెన్సు చూపించి టెక్సస్ లైసెన్సు మార్చుకోవడం కుదరదు. రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ మొదటినుంచీ పాసవ్వాలి. ఇక్కడ కాపురం పెట్టినవాళ్ళు 90 రోజుల్లో టెక్సస్ లైసెన్సు తీసుకోవాలి, కాబట్టి వచ్చిన వారంలోనే డీపీఎస్ (ఇక్కడ లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ) అపాయింట్‌మెంట్ కోసం వెతకడం మొదలుపెట్టండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలంటే బయలుదేరకముందే మన ఆర్టీఏ ఆఫీసులో తీసుకోవాలి. దాని గడువు ఏడాదే. హెచ్-4 వాళ్ళకి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా లైసెన్సు వస్తుంది, కాకపోతే ఐ-94లో, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డులో, ఉన్న తేదీ వరకే. 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళు ఆరు గంటల డ్రైవింగ్ కోర్సు చేయాలి, పాతికేళ్ళు నిండితే అక్కర్లేదు. రోడ్డు పరీక్షకి ముందు గంటసేపు ఒక వీడియో మాత్రం అందరూ చూడాల్సిందే. ఆ సర్టిఫికెట్ 90 రోజులు పనిచేస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర అసలు మొహమాటపడొద్దు. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస కవరేజీని 30/60/25 అంటారు. అంటే ఎదుటివాళ్ళకి దెబ్బలు తగిలితే మనిషికి 30 వేల డాలర్లు, మొత్తం ప్రమాదానికి 60 వేలు, వాళ్ళ ఆస్తికి 25 వేలు. మీ కారుకి అందులో పైసా రాదు. దానికి కొలిజన్ (గుద్దుకుంటే వచ్చేది), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ళలాంటివాటికి వచ్చేది) విడిగా ఉండాలి. ఇంట్లోకి కొత్తగా మనిషి వచ్చారని కంపెనీకి చెప్పి, పాలసీలో పేరు చేర్పించాకే స్టీరింగ్ ఇవ్వండి. ప్రీమియం పెరుగుతుంది. అక్కడ పదేళ్ళు నడిపినా ఇక్కడి లెక్కలో నిన్న పుట్టినట్టే. "నా అనుభవానికి విలువే లేదా" అని మా ఆయన రెండు రోజులు చిన్నబుచ్చుకున్నారు.

ఇంకో మాట, సరదాకే. పెళ్ళికి ముందు కొన్న కారు టెక్సస్ చట్టం ప్రకారం నా సొంత ఆస్తి. పెళ్ళయ్యాక వచ్చే జీతం మాత్రం, ఎవరు సంపాదించినా, ఇద్దరిదీ. అంటే కారు నాదీ, దాని లోన్ కట్టే డబ్బు మాదీ. ఈ పాయింటు ఆయన నాకంటే ముందే చదివి పెట్టుకున్నారు.

నేర్చుకోవడానికి మాత్రం ఈ కారు ఇవ్వకండి. లెర్నర్ పర్మిట్ మీద నడిపేటప్పుడు పక్క సీట్లో 21 ఏళ్ళు నిండి, కనీసం ఏడాది అనుభవం ఉన్న లైసెన్సుదారు కూర్చోవాలి. ఆ కూర్చునేది మీరైతే, ఆ కారు మీదైతే, అది డ్రైవింగ్ పాఠంలా ఉండదు. నేను మొదటి రెండు క్లాసుల్లో "జాగ్రత్త" తప్ప వేరే మాట అనలేదని ఆయన చెప్తారు. డ్రైవింగ్ స్కూల్ కారులో అయితే గంటకింతని డబ్బు పోతుంది గానీ కాపురం నిలుస్తుంది. పరీక్షలో ప్యారలల్ పార్కింగ్ ఉంటుంది, అదీ వాళ్ళ కారులోనే అలవాటు చేసుకోవడం మేలు.

క్లచ్చు గురించి నేను పడ్డ బెంగ అనవసరం. గేర్ల కారు నడపడం ఇక్కడ పుట్టిపెరిగినవాళ్ళలో చాలామందికి రాదు, మనవాళ్ళకి చేతిలో పనే. చిక్కల్లా చేతులతోనే. మొదటి రోజు సెకండ్ గేర్ వేయబోయి ఎడమచేత్తో టపీమని తలుపుని కొట్టారు. గేర్ కుడిపక్కనుంది మరి. మలుపు రాగానే ఇండికేటర్ అనుకుని కుడివైపు కాడ నొక్కారు. ఎండ మండిపోతుంటే వైపర్లు గిరగిరా తిరిగాయి. ముందు కారులో ముసలాయన అద్దంలో మమ్మల్ని చూసి నవ్వుకున్నాడు. వారంలో అవన్నీ సర్దుకున్నాయి. మైళ్ళ లెక్కకి ఇంకాస్త టైమ్ పట్టింది. ముల్లు 40 మీద ఉంటే నెమ్మదిగా పోతున్నామనిపిస్తుంది, కానీ అది గంటకి 64 కిలోమీటర్లు.

అసలు జాగ్రత్త చెప్పాల్సింది వెనకచక్రాల గురించి. స్విఫ్ట్‌ని ముందుచక్రాలు లాగుతాయి, ఇంజిన్ బలం 80 పైచిలుకు హార్స్‌పవర్. మస్టాంగ్ జీటీని 460 హార్స్‌పవర్ వెనకనుంచి తోస్తుంది. తడి రోడ్డు మీద మలుపు తిరుగుతూ, ఇంకా స్టీరింగ్ సరిచేయకుండానే యాక్సిలరేటర్ తొక్కితే తోక పక్కకి జారుతుంది. చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి వాన మరీ మోసం, రోడ్డు మీద పేరుకున్న నూనె జిడ్డంతా పైకి తేలుతుంది. అందుకే మొదటి నెల వానలో ఇవ్వలేదు. తర్వాత ఇచ్చినప్పుడు కూడా తడి రోడ్లకోసం ఉన్న స్నో/వెట్ మోడ్‌లో పెట్టి, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ని ఆపేసే బటన్ జోలికి వెళ్ళొద్దని ఒట్టేయించుకున్నా. కారుకి వేసవి టైర్లుంటే చలికాలంలో ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల సెల్సియస్‌కి దిగగానే పట్టు తగ్గుతుంది, అదీ చెప్పండి.

ఫోర్డులో మైకీ అని ఒకటుంది. ఒక తాళానికి గరిష్ఠ వేగం, పాటల సౌండు ఇంతకు మించకుండా కట్టేయొచ్చు. అది టీనేజీ పిల్లలున్న ఇళ్ళకి. మొగుడికి పెట్టారో, ఆ మాట అత్తగారిదాకా వెళ్తుంది.

పోలీసు లైట్లు వెనక కనిపిస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. మన ఊళ్ళోలా బండి దిగి ఎదురెళ్ళి "సార్, సార్" అంటే ఇక్కడ ప్రమాదం. కుడిపక్కకి ఆపి, చేతులు స్టీరింగ్ మీద ఉంచి, లోపలే కూర్చోవాలి. స్కూల్ బస్సు ఎర్రలైట్లు వెలిగిస్తే ఆగాలి. దాటేస్తే మొదటిసారికే జరిమానా 500 నుంచి 1,250 డాలర్ల దాకా ఉంటుంది.

ఇక గీతలు. పడతాయి. ఆయన ఒక్కరే వెళ్ళిన రెండో వారం, ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ దగ్గర పార్క్ చేస్తూ కుడివైపు ముందు రిమ్మును కర్బ్‌కి (రోడ్డంచున ఉండే గట్టుకి) రాశారు. ఇంటికొచ్చి నన్ను కిందికి పిలిచి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, బొటనవేలితో ఆ గరుకు మీద రాస్తూ ఉండిపోయారు. చేతిలో కరివేపాకు కవరు అలాగే ఉంది. ఇలాంటివాటికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేయొద్దు. డిడక్టబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా, 500 డాలర్లో వెయ్యో ఉంటుంది, ఈ ఖర్చు దాన్ని దాటదు. ఇంటికే వచ్చి రిమ్ము సాఫు చేసి రంగేసి వెళ్ళేవాళ్ళున్నారు. మేమూ అలాగే చేయించాం. బిల్లులో రెండు రిమ్ములున్నాయి. వెనక ఎడమది ఆయన ఇంకా ఇండియాలో ఉండగా నేను గీకింది. బిల్లు చూశారు, మడిచి గ్లవ్ బాక్సులో పెట్టారు, ఏమీ అడగలేదు.