సర్వర్‌కి పంపిన మెసేజ్‌లు అతుక్కుపోయో ముక్కలైపోయో వస్తుంటే ఎలా సరిచేయాలి?

మన విశాఖలో మధురవాడ రూముల్లో ప్రాజెక్టులు చేసుకునే పిల్లల దగ్గర్నుంచి రుషికొండలో ఉద్యోగాలు చేసేవాళ్ల దాకా చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. క్లయింటూ సర్వరూ ఒకే లాప్‌టాప్‌లో ఉన్నంతసేపు చాట్ ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, సర్వర్‌ని ఇంకో మెషీన్ మీద పెట్టేసరికి రెండు మెసేజ్‌లు కలిసిపోయి వస్తాయి, లేదంటే సగం ఇప్పుడు సగం కాసేపాగి వస్తుంది. నెట్ బాలేదేమో అనుకుని ప్రోగ్రామ్ కాసేపు ఆగేలా మధ్యలో స్లీప్ పెడతారు, దయచేసి అది మాత్రం పెట్టకండి, తప్పు అలాగే ఉండిపోయి లోడ్ పెరగ్గానే మళ్లీ బయటపడుద్ది.

రెండు మెషీన్ల మధ్య డేటా మోసే పద్ధతి టీసీపీ, దానికి మెసేజ్ అంటే ఏంటో తెలీదు, వరసగా బైట్లు మోయడమే దాని పని. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి మన విశాఖ పోర్టుకి ఇనుప ఖనిజం వ్యాగన్లలో వస్తుంది కదా, టిప్లర్‌లో బోర్లించి కన్వేయర్ బెల్టు ఎక్కించాక ఏ రాయి ఏ వ్యాగన్‌దో ఎవరు చెప్పగలరు? ఇదీ అంతే, మీరు మూడుసార్లు సెండ్ చేశారని అవతల మూడుసార్లే రెసీవ్ అవ్వాలని రూలేం లేదు.

ముందు రెసీవ్ అయిన ప్రతిసారీ ఎన్ని బైట్లు వచ్చాయో, ఏం బైట్లో ప్రింట్ చేసి చూడండి. నెట్‌లో వెళ్లే డేటాని చూపించే వైర్‌షార్క్‌లో మీ ప్రోగ్రామ్ పోర్టు నంబర్ ఫిల్టర్ పెట్టి కూడా చూడండి, అక్కడ అన్నీ వరసగా ఉంటే నెట్‌ది తప్పు కాదు, చదివే కోడ్‌దే.

తర్వాత ప్రతి మెసేజ్ ముందు దాని పొడవుని 4 బైట్లలో పంపండి. సర్వర్ ఆ 4 బైట్లూ పూర్తిగా వచ్చేదాకా లూప్‌లో చదవాలి, ఆ పైన ఆ పొడవు ఎంతుంటే అన్ని బైట్లూ వచ్చేదాకా చదవాలి, మిగిలినవి తర్వాతి మెసేజ్‌వి కాబట్టి పారేయకుండా బఫర్‌లో, అంటే తాత్కాలికంగా దాచుకునే చోట ఉంచాలి, ఆ బఫర్ ఒక్కో క్లయింట్‌కి వేరేగా ఉండాలి. రెసీవ్ 0 బైట్లు ఇచ్చిందంటే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశారని, లూప్ ఆపెయ్యండి. ఆ పొడవులోని బైట్ల వరస రెండువైపులా బిగ్ ఎండియనే (పెద్ద విలువ బైటు ముందు) పెట్టండి, ఒకవైపు లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైటు ముందు) అయితే 5 పంపితే 83886080 అని చదువుతుంది, సర్వర్ అన్ని బైట్ల కోసం కదలకుండా కూర్చుంటుంది. అందుకే పొడవుకి ఒక పరిమితి పెట్టి, దాటితే కనెక్షన్ తెంపెయ్యాలి.

తెలుగులో పంపేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పైథాన్‌లో ‘విశాఖ’ పొడవు 5 అని వస్తుంది, గుణింతపు గుర్తుల్నీ అది విడిగా లెక్కేస్తుంది, అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో మాత్రం అది 15 బైట్లు. అక్షరాల లెక్క పంపితే మాట మధ్యలో తెగిపోద్ది. పొడవు బైట్లలోనే లెక్కపెట్టండి, మెసేజ్ మొత్తం చేరాకే డీకోడ్ చేసి బైట్లని మళ్లీ అక్షరాలుగా మార్చండి.

పంపేటప్పుడు సెండ్ ఒక్కోసారి కొన్ని బైట్లే తీసుకుంటుంది, పైథాన్‌లో అయితే అన్ని బైట్లూ వెళ్లేదాకా పంపే సెండ్‌ఆల్ వాడితే సరిపోద్ది.

చివర్లో కావాలనే ఇబ్బంది పెట్టి చూడండి, ఒక మెసేజ్‌ని ఒక్కో బైటుగా పంపండి, ఇంకోసారి మూడు మెసేజ్‌లు కలిపి ఒకే సెండ్‌లో పంపండి. రెండిట్లోనూ సరిగ్గా విడిపోయి వస్తేనే సర్వర్‌ని వేరేవాళ్లకి ఇవ్వండి.