టూరింగ్ రేసు కారులో షోరూమ్ కారు ఎంత ఉందో కనిపెట్టడం ఎలా?

టూరింగ్ కార్ల రేసు (షోరూముల్లో అమ్మే కార్ల రూపంలోని కార్లతో జరిగే రేసు) చూసేవారిని అన్నిటికంటే ఎక్కువగా మోసపుచ్చేవి హెడ్‌లైట్లు, గ్రిల్, బ్యాడ్జి. కంపెనీ అమ్ముకోవలసింది షోరూమ్ కారునే గనుక, లోపల ఏమి మార్చినా ముఖకవళికలను మాత్రం జాగ్రత్తగా నిలుపుకుంటుంది. అందువల్ల పోలిక తేల్చుకోదలచినవారు ముఖాన్ని పక్కన పెట్టి, ఆ కారు ఏ నిబంధనల కింద పరుగెడుతోందో మొదట తెలుసుకోవాలి.

1980ల నాటి గ్రూప్ ఎ నిబంధనల ప్రకారం, ఒక మోడల్ రేసుకు అర్హత పొందాలంటే ఏడాదిలో 5,000 కార్లు తయారు కావాలి. దాని మెరుగుపరచిన రూపానికి మరో 500 చాలు. ఫోర్డ్ సియెరా ఆర్‌ఎస్500 ఆ 500 లెక్క కోసమే పుట్టింది. అంటే రేసులో గెలవడానికి అమ్మకపు కారే మారవలసి వచ్చింది. అంతటి దగ్గరితనం ఆ తరువాత మళ్ళీ కనిపించలేదనే చెప్పాలి.

2015లో మొదలైన టీసీఆర్ అనే టూరింగ్ కార్ల తరగతిలో ఫ్యాక్టరీ బాడీ షెల్ (కారు రేకు ఒళ్ళు), 2 లీటర్ల టర్బో ఇంజిన్, ముందు చక్రాలకే శక్తి అన్నవి మూల నియమాలు. అయితే నిబంధన ఒకటే అయినా పోలిక అన్ని కార్లకూ ఒకేలా ఉండదు. కాబట్టి రెండవ పనిగా అమ్మకపు కారు కేటలాగును తెరచి, ఇంజిన్ ఎన్ని లీటర్లది, ఎన్ని సిలిండర్లది, శక్తి ఏ చక్రాలకు అందుతుంది అనే మూడు విషయాలను రేసు కారుతో సరిపోల్చాలి. హ్యుందాయ్ ఐ30 ఎన్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. రోడ్డు మీద కూడా అది 2 లీటర్ల టర్బోతో ముందు చక్రాలను నడిపే కారే. ఆడి ఆర్‌ఎస్3 నెగ్గదు. దాని రోడ్డు కారులో 2.5 లీటర్ల అయిదు సిలిండర్ల ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పుతుంది. రేసు రూపమైన ఆర్‌ఎస్3 ఎల్ఎంఎస్‌లో ఉన్నది నాలుగు సిలిండర్ల ఇంజిన్, అది తిప్పేది ముందు చక్రాలను మాత్రమే. ఆ అయిదు సిలిండర్ల ప్రత్యేకమైన శబ్దం కోసమే ఆర్‌ఎస్3ని కోరుకునేవారికి రేసు కారు కొంత నిరాశ కలిగిస్తుంది.

బ్రిటిష్ టూరింగ్ కార్ల ఛాంపియన్‌షిప్‌ది మధ్యేమార్గం. 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం షెల్ ఫ్యాక్టరీదే గాని, ముందూ వెనుకా ఇంజిన్, చక్రాల భాగాలను మోసే చట్రాలైన సబ్‌ఫ్రేములు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్ని జట్లకూ ఉమ్మడివి. కోరుకున్న జట్టు ఇంజిన్ కూడా ఉమ్మడిదే తీసుకోవచ్చు.

ఆస్ట్రేలియా సూపర్‌కార్స్ విషయంలో కేటలాగు పరీక్ష మరింత అవసరం. 2018లో పరుగెత్తిన హోల్డెన్ కమొడోర్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌తో వెనుక చక్రాల మీద నడిచింది. అదే పేరుతో అమ్ముడైన కారేమో జర్మనీ నుంచి దిగుమతి అయిన ఓపెల్ ఇన్‌సిగ్నియా, అందులో వీ8 అసలు లేనే లేదు.

కార్లు ఆగి టైర్లు మార్చుకునే పిట్ లేన్ దగ్గరికి వెళ్ళే వీలుంటే తలుపు తెరచి ఉన్నప్పుడు గుమ్మం అంచును గమనించాలి. ఇంటి కారు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని కొద్దిగా లాగి చూస్తే రేకు అంచు మీద వరుసగా గుండ్రని స్పాట్ వెల్డింగ్ గుంటలు కనిపిస్తాయి. రేసు కారులో పెయింటు కిందనైనా అవే గుంటలు ఉంటే అది ఫ్యాక్టరీ షెల్. బోల్తా పడినా డ్రైవరును కాపాడే గొట్టాల పంజరమైన రోల్ కేజ్‌ను తరువాత దాని లోపల అమర్చారు. రేకుకు బదులు ఇనుప గొట్టాలే చట్రంగా ఉండి, బయటి పలకలు వాటికి తగిలించి ఉంటే అది సూపర్‌కార్స్ పద్ధతి. నల్లని కార్బన్ ఫైబర్ తొట్టి కనిపిస్తే 2012 నుంచి 2020 దాకా పరుగెత్తిన డీటీఎం (జర్మన్ టూరింగ్ కార్ల పోటీ) కారు. అందులో షోరూమ్ నుంచి వచ్చినది దాదాపు ఆకారమే.

వెడల్పాటి వీల్ ఆర్చ్‌లకూ, వెనుక రెక్కకూ పెద్ద ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. అవి అన్నిటికీ ఉంటాయి.

ఈ పరీక్షలు మన దేశపు రేసులకూ పనికివస్తాయి. ఫోక్స్‌వ్యాగన్ అమియో కప్ కారును చూడండి: 2017లో షోరూములో అమియో 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌తోనో 1.5 లీటర్ల డీజిల్‌తోనో దొరుకుతుండగా, రేసు కారు బానెట్ కింద ఉన్నది పోలో జీటీఐకి చెందిన 1.8 లీటర్ల టర్బో.