వైద్య నిర్లక్ష్యం నోటీసు వస్తే: నర్సింగ్ హోం పాలసీ అక్కరకు రావాలంటే

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, తణుకు, భీమవరం లాంటి ఊళ్లలో పది నుంచి ముప్ఫై మంచాల నర్సింగ్ హోములు వీధికొకటి కనిపిస్తాయి. భర్త సర్జన్, భార్య గైనకాలజిస్టు, ఫోను చేస్తే వచ్చే మత్తు డాక్టరు, నలుగురైదుగురు నర్సులు. చాలామంది దగ్గర ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, అంటే వైద్యంలో తప్పు జరిగిందని రోగి వేసే కేసుల పరిహారానికి తీసుకునే బీమా, ఉంటుంది. ఏటా ప్రీమియం కడుతూనే ఉంటారు. తీరా కేసు పడ్డాక బీమా కంపెనీ చెల్లించనంటుంది. వైద్యం బాగా చేశారా లేదా అన్న ప్రశ్న దాకా చాలాసార్లు వెళ్లనే వెళ్లదు. తేదీల దగ్గరో, పాలసీ మీద ఉన్న పేరు దగ్గరో, కంపెనీకి చెప్పకుండా చేసుకున్న రాజీ దగ్గరో ఆగిపోతుంది. ఈ మూడూ ముందే సరిచూసుకోదగ్గవి.

నోటీసు అందిన రోజు

కవరు పారేయకండి. అందిన తేదీ, సమయం దాని మీదే రాసి, తీసుకున్నవాళ్ల సంతకం పెట్టించండి. జిల్లా వినియోగదారుల కమిషన్ నోటీసు అయితే కౌంటరు (రాతపూర్వక జవాబు) వేయడానికి 30 రోజులు ఉంటాయి. అడిగితే కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు. 45 దాటితే ఇచ్చే అధికారం దానికి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఈ లెక్క నోటీసుతో పాటు ఫిర్యాదు ప్రతి కూడా చేతికందిన రోజు నుంచి మొదలవుతుంది. ఉత్త నోటీసు మాత్రమే వస్తే, ప్రతి అందలేదని అదే రోజు కమిషన్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి.

రెండో పని కూడా ఆ రోజే చేయాలి. పాలసీ మీదున్న ఆఫీసు చిరునామాకి రిజిస్టర్డ్ పోస్టు, మెయిలు రెండూ పంపండి. ఏజెంటుకి ఫోను చేసి చెప్పినంత మాత్రాన కంపెనీకి చెప్పినట్టు కాదు. ఉత్తరంలో పాలసీ నంబరు, రోగి చేరిన, డిశ్చార్జి అయిన తేదీలు, ఏ డాక్టరు ఏం చేశారు, ఫిర్యాదు సంగతి మీకు మొదట ఎప్పుడు తెలిసింది అన్నవి ఉండాలి. నోటీసు జిరాక్సు జతచేయాలి. తప్పు ఎవరిదో అందులో రాయకండి.

వకీలు నోటీసు వచ్చినా ఇదే పద్ధతి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వకీలు నోటీసుకి తామే ఏదో జవాబు రాసి సొరుగులో పడేస్తారు. మధ్యలో పాలసీ గడువు ముగుస్తుంది, తక్కువ ప్రీమియం అని వేరే కంపెనీకి మారతారు. ఆ తర్వాత కమిషన్ నోటీసు వస్తుంది. ఈ వివాదం మా దగ్గరికి రాకముందే మీకు తెలుసు కదా అని కొత్త కంపెనీ అంటుంది. మా గడువులో చెప్పలేదు కదా అని పాత కంపెనీ అంటుంది. కాగితం ప్రకారం చూస్తే రెండూ సరైన మాటలే, మధ్యలో మునిగేది డాక్టరు. కంపెనీ మార్చేముందు పెండింగు ఫిర్యాదులన్నీ, చివరికి బంధువు కోపంగా రాసిపెట్టిన కాగితమైనా, పాత కంపెనీకి పంపి రసీదు తీసుకోవాలి.

తేదీ లెక్క

కారు పాలసీకి ప్రమాదం జరిగిన రోజే లెక్క. డాక్టరు పాలసీ అలా కాదు. రెండు తేదీలూ కుదరాలి: క్లెయిము పాలసీ నడుస్తున్న కాలంలో రావాలి, ఆ వైద్యం పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ తేదీ (రక్షణ వెనక్కి ఎంతవరకు వర్తిస్తుందో చెప్పే తేదీ) తర్వాత జరిగి ఉండాలి. సాధారణంగా ఆ తేదీ మీరు మొట్టమొదట పాలసీ తీసుకున్న రోజు, మధ్యలో తెగకపోతేనే.

ఒక లెక్క చూడండి. మొదటి పాలసీ 2019 జూన్ 1న తీసుకున్నారు. 2024 మే 31తో గడువు ముగిసింది. రెన్యూవల్ మరచిపోయి జూన్ 20న మళ్లీ కట్టారు. కంపెనీ కొత్త పాలసీ ఇచ్చి, రెట్రోయాక్టివ్ తేదీ 2024 జూన్ 20 అని వేసింది. 2024 ఫిబ్రవరిలో చేసిన గర్భసంచి ఆపరేషన్ మీద 2025లో కేసు వచ్చింది. ఆపరేషన్ నాడు పాలసీ ఉంది, కేసు వచ్చిన నాడూ ఉంది. అయినా డబ్బు రాదు. పందొమ్మిది రోజుల ఖాళీ అయిదేళ్ల రక్షణని తుడిచేసింది. రెన్యూవల్ కాగితం రాగానే మొత్తం ప్రీమియం చూసి ఫైల్లో పెట్టేయకుండా ఆ ఒక్క తేదీ చూడండి. మారి ఉంటే వెంటనే సరిచేయమని రాయండి. కేసు పడ్డాక ఎవరూ సరిచేయరు.

చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిములు తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరు 20న సర్క్యులర్ ఇచ్చింది. పాలసీ కాలంలోనే కొంత ఆలస్యంగా చెప్పినవాళ్లకి అది పనికొచ్చే వాదన. పాలసీయే ముగిసిపోయాక మొదటిసారి చెప్పినవాళ్లు దాన్ని నమ్ముకోలేరు.

పేరు, పరిమితి

ఫిర్యాదులో మొదటి ప్రతివాది సాధారణంగా నర్సింగ్ హోమే. పాలసీ మాత్రం డాక్టరు గారి పేరు మీద ఉంటుంది. సంస్థ మీద పడిన మొత్తం మాది కాదని కంపెనీ అనవచ్చు. డాక్టరుకి వ్యక్తిగత పాలసీ, సంస్థకి వైద్యసంస్థల పాలసీ వేర్వేరుగా ఉండాలి. బయటి నుంచి వచ్చే మత్తు డాక్టరు తప్పు చేసినా రోగికి జవాబు చెప్పాల్సింది ఆసుపత్రేనని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఆయన పాలసీ జిరాక్సు ఏటా తీసుకుని పెట్టుకోండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

రాత్రి డ్యూటీలో ఎవరున్నారన్నది ఇంకో చిక్కు. అర్హత లేని సిబ్బంది చేసిన పనిని చాలా పాలసీలు కప్పవు, లేదా అదనపు ప్రీమియం అడుగుతాయి. హోమియో చదివినవారు అల్లోపతి మందులివ్వడమే నిర్లక్ష్యమని 1996లోనే తీర్పుంది. డాక్టరు తాగి చేసిన వైద్యం, బరువు తగ్గించే మందులు, అందం కోసం చేసే సర్జరీలు, జరిమానాలు సాధారణంగా మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి.

పరిమితి రెండు లెక్కల్లో ఉంటుంది: ఒక్కో కేసుకి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత. వకీలు ఖర్చులు చాలా పాలసీల్లో ఆ పరిమితిలోనే పోతాయి. కేసుకి 50 లక్షలు అని ఉండి వాదనకి 3 లక్షలైతే పరిహారానికి మిగిలేది 47. హైదరాబాద్ నిమ్స్ కేసులో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇవ్వమన్నది 2009లోనే. సిజేరియన్లు, మత్తు ఇచ్చే ఆపరేషన్లు చేసేచోట 25 లక్షల పాలసీ పేరుకే పాలసీ.

రోగికి కేసు వేయడం ఇప్పుడు తేలిక. కమిషన్ స్థాయిని (జిల్లా, రాష్ట్ర, జాతీయ) వైద్యానికి కట్టిన డబ్బుని బట్టి చూస్తారు, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. నలభై వేల బిల్లు కట్టినవారు 60 లక్షలు అడిగినా జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తాము ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు కాబట్టి, యానాంలో వైద్యం చేయించుకున్న కోనసీమ రోగి పుదుచ్చేరి పోనక్కర్లేదు. గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించగలదు.

కేస్ షీటు

రోగి తరఫువారు అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నిబంధనలు చెబుతున్నాయి. ఇవ్వకపోతే దాచారనే అర్థం చేసుకుంటారు. ఇచ్చాక అసలు కాగితంలో ఒక్క అక్షరం కూడా చేర్చకండి. వాళ్ల జిరాక్సులో లేని వాక్యం మీ షీటులో కనపడితే మిగతా షీటునీ ఎవరూ నమ్మరు. చెప్పాల్సింది మిగిలిపోతే వేరే కాగితం మీద, ఈరోజు తేదీ వేసి రాయండి.

కాన్పు తర్వాత రక్తస్రావం కేసునే తీసుకోండి. కమిషన్ ముందు నిలిచేవి గడియారం అంకెలు: బిడ్డ పుట్టిన సమయం, పదిహేను నిమిషాలకోసారి బీపీ, నాడి, పోయిన రక్తం అంచనా, ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకి, రక్తం కోసం ఎప్పుడు అడిగారు, ఎప్పుడు వచ్చింది, 108కి ఎప్పుడు ఫోను చేశారు, బండి ఎన్నింటికి కదిలింది. అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌కి పంపితే, తోడు ఎవరు వెళ్లారు, దారిలో ఏం ఎక్కించారు అన్నది కూడా రిఫరల్ చీటీలో ఉండాలి. "కండిషన్ ఎక్స్‌ప్లెయిన్డ్" అన్న రబ్బరు స్టాంపు ఎవరినీ ఒప్పించదు.

కన్సెంట్ ఫారం (అంగీకార పత్రం) తెలుగులో ఉండాలి, ఏ ఆపరేషనో పేరు రాసి ఉండాలి. పరీక్ష కోసం తీసుకున్న అంగీకారంతో గర్భసంచి తీసేయడం కుదరదని 2008 తీర్పు. "ఏం జరిగినా డాక్టరు గారికి సంబంధం లేదు" అని వేలిముద్ర వేయించుకున్న కాగితానికి విలువ లేదు.

రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచాలన్నది నిబంధన. కేసు పడితే ఆఖరి అప్పీలు ముగిసేదాకా ఉంచండి. కింది అంతస్తులో గోనెసంచుల్లో కట్టిపెడితే 2022 జులై లాంటి వరద ఒక్కటి చాలు. డిశ్చార్జి రోజే స్కాన్ చేసి రెండుచోట్ల దాచండి.

గేటు ముందు గుంపు, పెద్దమనుషుల మాట

రోగి చనిపోయాడు, బంధువులు బైఠాయించారు, ఊరి పెద్దలు మధ్యలో కూర్చుని ఒక మొత్తం చెబుతారు. ఆ రాత్రికి డబ్బిచ్చి బయటపడాలనిపిస్తుంది. ముందు అనుమతి లేకుండా చేసుకున్న రాజీని, తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితాన్ని పాలసీ గుర్తించదు. ఆ డబ్బు మీ జేబులోదే అనుకుని నిర్ణయించుకోవాలి. ఇవ్వదలిస్తే అంత రాత్రయినా ముందు కంపెనీకి మెయిలు పెట్టండి.

అయితే బంధువులతో మాట్లాడటం మానకండి. ఏం జరిగిందో, ఏ ప్రయత్నం చేశారో వివరించడం తప్పు ఒప్పుకోవడం కాదు. తలుపు వేసుకుని లోపల కూర్చోవడం వల్ల పుట్టే కేసులూ ఉంటాయి. ఒక ఇంట్లో మనిషి పోయారు, వాళ్లకి జవాబు దక్కాలి. ఫర్నిచరు పగిలితే 112కి ఫోను చేయండి. వైద్యసిబ్బంది మీద దాడులకి 2008 రాష్ట్ర చట్టం కింద కేసు పెట్టవచ్చు.

పోలీసు కేసు అయితే, నిర్లక్ష్యం వల్ల మరణానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 106(1) కింద రిజిస్టర్డ్ డాక్టరుకి గరిష్ఠంగా రెండేళ్ల శిక్ష. 2005 నాటి సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం తీవ్ర నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ బాధ్యత, అదీ పోలీసులు ముందు వేరే వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. క్రిమినల్ వాదన ఖర్చు పాలసీలో ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

కేసు నడిచేటప్పుడు

వకీలుని పెట్టేముందు కంపెనీ రాతపూర్వక అంగీకారం తీసుకోండి, లేకపోతే ఫీజు మీదే. కంపెనీ తేల్చేలోగా 30 రోజులు అయిపోతుంటే, గడువు మూలంగా వకీలుని పెడుతున్నామని మెయిలు చేసి కౌంటరు వేసేయండి. బీమా కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చమని పిటిషన్ వేయించండి. రోగి తరఫున నిపుణుడి సాక్ష్యం లేదు కాబట్టి కేసు నిలవదనుకోకండి. మలేరియాకి టైఫాయిడ్ వైద్యం చేసిన హైదరాబాద్ కేసులో, తప్పు కళ్లెదుట కనిపిస్తుంటే నిపుణుడు అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

తీర్పు వ్యతిరేకంగా వస్తే విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కి 45 రోజుల్లో అప్పీలు. సగం మొత్తం ముందే డిపాజిట్ చేయాలి. ఆ సగం ఎవరు కడతారో తీర్పుకి ముందే కంపెనీతో రాయించుకోండి. తీర్పు అమలు కాకపోతే వినియోగదారుల చట్టం సెక్షన్ 72 కింద చర్య ఎదుర్కొనేది మీరు.

కంపెనీ కాదంటే

ఏ షరతు కింద కాదన్నారో నంబరుతో రాసిమ్మనండి. తర్వాత ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయండి. నెలలో జవాబు రాకున్నా, నచ్చకున్నా, వ్యక్తిగత పాలసీ అయితే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్లవచ్చు. ఆంధ్రతో పాటు యానాం కూడా ఆ ఆఫీసు పరిధిలోదే. పరిమితి 50 లక్షలు. ఇదే వివాదం కమిషన్‌లో నడుస్తుంటే అక్కడ తీసుకోరు, కాబట్టి ఏ తలుపు తట్టాలో ముందే తేల్చుకోండి. కమిషన్‌కి వెళ్తే తిరస్కరించిన రోజు నుంచి రెండేళ్లు. డాక్టరుది వ్యాపారం కాబట్టి వినియోగదారుడు కాడని కంపెనీ వాదిస్తే, బీమా నష్టాన్ని పూడ్చడానికే తప్ప లాభానికి కాదన్న 2023 సుప్రీంకోర్టు తీర్పు చూపించండి.

నర్సింగ్ హోం అమ్మేసినా, ప్రాక్టీసు మానేసినా ఆ రోజే పాలసీ ఆపేయకండి. చివరి రోగి డిశ్చార్జి అయిన రోజు నుంచి కనీసం రెండేళ్లు, మన్నింపుకి వీలుంది గనుక ఇంకొంత కాలం, రెన్యూవల్ చేస్తూనే ఉండండి.