స్టూడియో ఉంది, గిరాకీ లేదు: ఎక్కడ తెగుతోందో చూసుకోండి

చిన్న ఊళ్ళో ఫోటో స్టూడియో నడవకపోతే మొదట వినిపించే సలహా "పబ్లిసిటీ పెంచు" అనే. వెంటనే ఫ్లెక్సీ కట్టేస్తారు, కరపత్రాలు పంచేస్తారు, ఇన్‌స్టాలో డబ్బులు పోసి బూస్ట్ చేస్తారు. జ్వరమో అజీర్తో తేల్చకుండా మందు మింగడం లాంటిదే ఇది. కస్టమర్ ఎక్కడ జారిపోతున్నాడో ముందు చూడాలి. మీరున్నట్టే తెలియదా? తెలిసీ ఫోన్ చేయట్లేదా? రేటు విని మాయమవుతున్నాడా? పని చేయించుకున్నాక ఇంకొకరికి చెప్పట్లేదా? కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి, ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ "మా గురించి ఎవరు చెప్పారండీ?" అని అడిగి రాసుకోండి. ఒక పెళ్ళిళ్ళ సీజన్ గడిచేసరికి జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఫ్లెక్సీ కట్టినా ఫోన్ మోగట్లేదు

ఫ్లెక్సీ ఊరంతటికీ కనిపిస్తుంది. ఫోటోగ్రాఫర్ కావాల్సింది మాత్రం ముహూర్తం పెట్టుకున్న ఇంటికే, అదీ ఆ కొద్ది రోజుల్లోనే. మరి ముహూర్తం కబురు బయట ముందు ఎవరికి తెలుస్తుంది? పంతులుగారికి. ఆ వెంటనే ఫంక్షన్ హాలు మేనేజరుకి, ఎందుకంటే మంచి ముహూర్తానికి హాలు దొరకదన్న భయంతో ముందు అక్కడికే పరిగెడతారు. తర్వాత కేటరింగ్, డెకరేషన్, బ్యూటీషియన్. శుభలేఖలు అచ్చు వేయించే వేళకి చాలా ఇళ్ళలో ఫోటోగ్రాఫర్ ఖాయమైపోయి ఉంటాడు, కాబట్టి ప్రెస్సులో కార్డులు పెట్టి లాభం తక్కువ.

వీళ్ళకి కమీషన్ ఇవ్వడం అందరూ చేసేదే. నాకది నచ్చదు. ఆ డబ్బు తిరిగి పెళ్ళివారి రేటులోకే ఎక్కుతుంది. రేపు పక్క స్టూడియో అతను ఇంకో వెయ్యి ఎక్కువిస్తే మీ పేరు పోతుంది. నిజానికి వాళ్ళకీ మంచి ఫోటోలు కావాలి, తీసిచ్చేవాళ్ళే ఉండరు. డెకరేషన్ పూర్తయి, లైట్లన్నీ వెలిగి, చుట్టాలు ఇంకా లోపలికి రాని పావుగంట ఒకటి ఉంటుంది. ఆ టైములో స్టేజీ, ఎంట్రన్స్, విస్తళ్ళు వేసి ఉన్న భోజనాల హాలు తీసి మేనేజరుకి ఇవ్వండి. ఒకటి పెద్దది ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో పెట్టించండి, కింద మీ పేరు, నంబరు. హాలు అడగడానికి వచ్చిన కుటుంబమంతా దానికి ఎదురుగానే కూర్చుంటుంది. పంతులుగారు మంత్రం చెబుతూ వధూవరుల చేతులు సరిచేస్తున్న క్లోజప్ ఒకటి ఆయనకి పంపండి. వారం తిరక్కుండా ఆయన వాట్సాప్ డీపీ అదే అవుతుంది. బ్యూటీషియన్‌కి కావాల్సింది జడ, మేకప్, నగలు కనిపించే నాలుగు ఫోటోలు. పెళ్ళికూతురిని అడిగి, ఆ రాత్రికే పంపిస్తే ఆమె మిమ్మల్ని ట్యాగ్ చేస్తుంది. వారం ఆలస్యమైతే తన ఫోన్లో తీసుకున్నదే పెట్టేస్తుంది.

మ్యాప్స్‌లో వెతికితే పక్కవాళ్ళే వస్తున్నారు

మీ ఫోన్లో కాదు, ఇంకొకరి ఫోన్లో "ఫోటో స్టూడియో" అని మీ ఊరి పేరుతో వెతికి చూడండి. పిన్ను వెనక సందులో ఉండటం, పాత నంబరు, టైమింగ్స్ లేకపోవడం, ఎప్పుడో పెట్టిన రెండు మసక ఫోటోలు: మామూలుగా కారణాలివే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే మ్యాప్స్‌లో మీ స్టూడియో వివరాలు కనిపించే పేజీ, ఉచితం. బోర్డు మీద ఉన్న పేరే అందులోనూ పెట్టండి. "బెస్ట్ వెడ్డింగ్ క్యాండిడ్" అని తోకలు తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదముంది. రివ్యూ అడగడానికి సరైన క్షణం ఆల్బమ్ చేతికిచ్చి వాళ్ళు పేజీలు తిప్పుతున్నప్పుడు. క్యూఆర్ కోడ్ కౌంటర్ మీదే ఉంచండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనకండి, అది గూగుల్ నిబంధనలకి విరుద్ధం.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పంపితే ఎవరూ పలకట్లేదు

ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. మీరు వాళ్ళ నంబరు దాచుకుంటే చాలదు. సాఫ్ట్ కాపీ పంపే ముందే "ఈ నంబరు స్టూడియో పేరుతో సేవ్ చేసుకోండి, ఫోటోలు ఇందులోనే వస్తాయి" అని చెబితే ఎవరూ కాదనరు. ఫోటోల్ని డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ చెడదు.

రేటు చెప్పగానే "సరే అన్నా, చెప్తాం" అని పెట్టేస్తున్నారు

"పెళ్ళికి ఎంత తీసుకుంటారు?" అన్న ప్రశ్నకి మీరు నేరుగా అంకె చెబితే అవతలివాళ్ళకి పోల్చుకోవడానికి ఆ అంకె తప్ప ఏమీ మిగలదు. ముందు మీరే అడగండి: తేదీ, ముహూర్తం పగలా రాత్రా, ఆడపెళ్ళివారా మగపెళ్ళివారా, పెళ్ళికూతుర్ని చేయడం నుంచి సత్యనారాయణ వ్రతం దాకా ఏవేవి కావాలి, అవతలి పక్షం వేరే ఫోటోగ్రాఫర్ని పెట్టుకుంటున్నారా. అప్పుడు స్టూడియోకి రమ్మనండి.

వచ్చినప్పుడు చూపించేది ఏమిటన్నది ఇంకో చిక్కు. ముప్ఫై పెళ్ళిళ్ళ నుంచి ఏరిన మేలిరకం ఫోటోలతో శాంపిల్ ఆల్బమ్ చేస్తారు. అది చూసి ముచ్చటపడతారు, నమ్మకం మాత్రం కలగదు. ఒకే పెళ్ళి, మన ఊరి హాల్లోదే, జీలకర్రబెల్లం నుంచి అప్పగింతల దాకా ఉన్న పూర్తి ఆల్బమ్ చూపించండి. అమ్మాయి క్యాండిడ్లు (పోజు లేకుండా సహజంగా తీసినవి) చూస్తుంది, తండ్రి రేటు చూస్తాడు, నాయనమ్మ మాత్రం గ్రూప్ ఫోటోల్లో చుట్టాలంతా ఉన్నారా అని చూస్తుంది. నాయనమ్మని తక్కువగా చూసినవాళ్ళు చాలా బేరాలు పోగొట్టుకున్నారు.

ఇన్‌స్టాలో లైకులు బాగానే ఉన్నాయి, బుకింగులు లేవు

లైకులు కొట్టేది ఎక్కువగా తోటి ఫోటోగ్రాఫర్లే. బూస్ట్ చేస్తే మీ ఊరి చుట్టుపక్కల మండలాలకే లొకేషన్ కుదించండి. కాప్షన్లో ఊరి పేరు, హాలు పేరు రాయండి.

ఓణీల ఫంక్షన్, సీమంతం షూట్ అడుగుతారు గానీ రారు

రేటు కారణమనుకుంటాం. చాలాసార్లు అది మొహమాటం: మగవాళ్ళే ఉన్న స్టూడియోలో అమ్మాయి ఎలా సర్దుకుంటుందని తల్లి బెరుకు. ఇది కొత్తదేం కాదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక బ్రిటిష్ మహిళకి అప్పగించారు. మీకంత అక్కర్లేదు. ఒక అమ్మాయిని అసిస్టెంటుగా పెట్టుకుని, గడియ సరిగ్గా పడే డ్రెస్సింగ్ రూము ఏర్పాటు చేసి, ఆ రెండు సంగతులూ ఫోన్లోనే చెప్పండి.

ఆషాఢం, భాద్రపదం, మూఢం వస్తే ఈగలు తోలుకోవడమే

ముహూర్తాలతో పనిలేని పనులు వెతకాలి. ఆషాఢ, శ్రావణాల చుట్టూనే మన పిల్లలు అమెరికా చదువులకి బయల్దేరతారు. అంతకుముందే వీసా ఫోటో కోసం వస్తారు: రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, 2016 నవంబరు నుంచి కళ్ళద్దాలు కుదరవు. ఆ కొలతలు కరెక్టుగా తెలిసిన స్టూడియో అని కన్సల్టెన్సీల్లో పేరు పడితే చాలు. ఫోటో ఇస్తూ "వెళ్ళేలోపు అమ్మానాన్నలతో ఒక ఫ్యామిలీ ఫోటో తీయించుకో బాబూ" అనండి. ఆ తల్లి కాదనడం నేను చూడలేదు. బ్యాంకు పరీక్షల అప్లికేషన్లకి 20 నుంచి 50 కేబీ మధ్య ఫోటో, 10 నుంచి 20 కేబీ మధ్య సంతకం అడుగుతారు; అది చేసిపెడతామని షట్టరు పక్కన రాసి అతికించండి.

పని బాగుందన్నారు, ఇంకొకరికి మాత్రం చెప్పట్లేదు

నూటికి తొంభైపాళ్ళు ఆల్బమ్ ఆలస్యమే కారణం. పెళ్ళి కబుర్లు వేడిగా ఉండేది పదహారు రోజుల పండగ దాకా. మీ ఆల్బమ్ బారసాల నాటికి వస్తే ఎవరికి చూపిస్తారు? "మీరు సెలెక్ట్ చేసి ఇవ్వలేదు కదండీ" అంటాం, అదీ నిజమే. వేల ఫోటోల ఫోల్డరు ఇచ్చి ఏరుకోమంటే కొత్త దంపతులు ఎప్పటికి ఏరతారు? మీరే ఏరి, డిజైన్ నమూనా పంపి, "ఇందులో మార్చాల్సినవి మాత్రం చెప్పండి" అనండి. ఆల్బమ్ ఎప్పటికి ఇస్తారో ఆ గడువు అడ్వాన్సు రసీదు మీదే రాయండి. ఇంకా ముందు, పెళ్ళైన మర్నాడే ఓ పాతిక ఫోటోలు పంపేయండి. కుటుంబ గ్రూపుల్లో తిరిగేవి అవే.

స్టేటస్‌లో పెట్టిన ఫోటోకి గొడవైంది

"కెమెరా నాది, ఫోటో నాది" అన్న వాదన నిలబడదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. అడ్వాన్సు రసీదులో "ప్రచారానికి వాడుకోవచ్చు / వద్దు" అని ఒక గడి పెట్టి టిక్కు, సంతకం తీసుకోండి. వద్దన్నవాళ్ళ ఫోల్డరు పేరు చివర "వద్దు" అని చేర్చండి. సీజన్ తొందరలో ఎడిటింగ్ కుర్రాడు ఏ ఫోల్డరు తెరిచి పోస్ట్ చేస్తాడో తెలియదు.